పాటలో ఆ ఒక్క బిట్: ఎలా నిలబడుతుంది, ఎక్కడ తేలిపోతుంది

నాలుగు నిమిషాల పాటలో పది పదిహేను సెకన్ల ముక్క ఒకటి ఉంటుంది. పాట మొత్తం విన్నవాళ్ళు కూడా వెనక్కి జరిపి మళ్ళీ వినేది దాన్నే. అది పల్లవి కాకపోవచ్చు, చరణమూ కాకపోవచ్చు. ఒక్కోసారి అందులో సాహిత్యమే ఉండదు. వాయిద్యాలన్నీ తప్పుకుని వేణువు ఒక్కటే మిగిలిన నాలుగు బార్లు (బార్ అంటే తాళంలో ఒక చుట్టు, మామూలుగా నాలుగు బీట్లు) కావచ్చు. కోరస్ మధ్యలో తాళం ఆగిపోయి గొంతు మాత్రమే వినిపించే ఒక పాదం కావచ్చు. అప్పటిదాకా ఎక్కడా లేని స్వరం ఒకటి తగిలి వెళ్ళిపోవడం కావచ్చు. ఆ బిట్ ట్యూన్ గొప్పది కాబట్టే అంత బాగుందని సాధారణంగా అనుకుంటాం. చాలాసార్లు ఆ ట్యూన్ మామూలుదే.

కావాలంటే పరీక్షించి చూడవచ్చు. ఏదైనా ఆడియో ఎడిటర్‌లో ఆ బిట్‌ని కత్తిరించి, ముందూ వెనకా ఏమీ లేకుండా, ఆ పాట ఎన్నడూ వినని మనిషికి వినిపించండి. ఆ తర్వాత దానికి ముందున్న 30 సెకన్లతో కలిపి ఇంకొకరికి వినిపించండి. మొదటి మనిషి తల ఊపి ఊరుకుంటే, రెండో మనిషి ముఖంలో ఏదో కదిలితే, బలం ఎక్కడుందో తెలిసిపోయినట్టే. బిట్ నిలబడేది ముందున్న సంగీతం మీద. అందుకే బిట్ పండనప్పుడు దాన్ని పదేపదే తిరగరాయడం తరచుగా వృథా శ్రమ. మార్చాల్సింది దానికి ముందు వచ్చే ఎనిమిది బార్లను.

ఆస్ట్రియా స్వరకర్త హేడన్ 1791లో రాసిన 94వ సింఫనీ రెండో భాగం దీనికి తేటైన ఉదాహరణ. తీగవాయిద్యాల మీద పిల్లల పాటంత సాదా ట్యూన్ ఎనిమిది బార్లు మెల్లగా సాగుతుంది. అవే ఎనిమిది బార్లు మళ్ళీ, ఈసారి ఇంకా మెల్లగా. పదహారో బార్‌లో ఆర్కెస్ట్రా అంతా, టింపనీ డోళ్ళతో సహా, ఒక్క కార్డ్‌ని (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయికని) గట్టిగా కొడుతుంది. కార్డ్‌లో కొత్తదనం ఏమీ లేదు, ఆ కాలపు రచనల్లో అడుగడుగునా కనిపించేదే. పని చేసింది రెండోసారి తగ్గించిన ధ్వని. అదే ట్యూన్ తిరిగి వచ్చేసరికి వినేవాడు ఇక తెలుసుకోవాల్సింది లేదనుకుని చెవి వదులు చేస్తాడు. ఇంకో సంగతి: ఆ చమత్కారాన్ని హేడన్ ఆ భాగంలో మళ్ళీ చేయడు.

ఏది మారాలి, ఏది మారకూడదు

ఒక బిట్ మిగతా పాట నుంచి విడివడి వినిపించాలంటే మార్చగలిగినవి ఇవి: ధ్వని తీవ్రత, ఒకేసారి మోగే వాయిద్యాల సంఖ్య, స్థాయి (మంద్రమా తారమా), లయ నడక, స్వరాలు లేదా కార్డులు, నాదం (ఏ వాయిద్యం, ఏ గొంతు), చుట్టూ ఉన్న చోటు ఎంత పెద్దదిగా వినిపిస్తోంది అన్నది. ఏడూ ఒకేసారి మారిస్తే వేరే పాట ముక్కని అంటించినట్టు ఉంటుంది. ఒక్కటే, అదీ కొంచెమే మారితే ఎవరూ గమనించరు. రెండు మూడు మారి, మిగిలినవి గట్టిగా నిలిచి ఉన్నప్పుడు బిట్ పాటలోనే ఉంటూ పాట కంటే ఎత్తుగా కనిపిస్తుంది.

మారకుండా ఉంచదగ్గవాటిలో మొదటిది తాళం వేగం, రెండోది ఆధార షడ్జం, అంటే పాట మొత్తం ఆనుకుని ఉండే 'స'. ఈ రెంటిలో ఒకటైనా కదలకపోతే వినేవాడికి కాలు కింద నేల ఉన్నట్టే. రెండూ ఒకేసారి కదిలించాలంటే చాలా నేర్పు కావాలి. ఆ సాహసం చేసిన బిట్లలో ఎక్కువ భాగం ఎడిటింగ్ పొరపాటులా వినిపిస్తాయి.

ఒక్క స్వరంతో

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది స్వరాన్ని మార్చడం. కర్ణాటక సంగీతంలో దీనికి పాత పద్ధతే ఉంది. కాంభోజి రాగం చూడండి. ఆరోహణలో నిషాదం ఉండదు, అవరోహణలో కైశికి నిషాదం ('ని'లో కింది రకం) వస్తుంది. కానీ 'స ని ప ద స' అనే ప్రయోగంలో మాత్రం కాకలి నిషాదం (పై రకం) పలుకుతుంది. రెండు నిషాదాల మధ్య తేడా అర్ధస్వరమే. ఆ స్వరం రాగానికి అన్యమైనది, కాబట్టి దానికి ఆ ఒక్క వరుసలోనే చోటు. నిలిపి పాడినా, వేరే వరుసల్లో కూడా వాడినా మెరుపు పోవడమే కాదు, రాగమే చెదిరిపోతుంది. పొదుపు ఇక్కడ రాగ లక్షణంలోనే భాగం.

కార్డులతో నడిచే పాటలో ఇదే పనిని అరువు కార్డ్, అంటే వేరే స్వరవరుస నుంచి తెచ్చుకున్న కార్డ్, చేస్తుంది. సి మేజర్‌లో (సి, ఎఫ్, ఎ, జి అన్నవి పాశ్చాత్య స్వరాల పేర్లు, ఫ్లాట్ అంటే అర్ధస్వరం కిందిది) ఉన్న పాటలో ఎఫ్ మేజర్ రావలసిన చోట ఎఫ్ మైనర్ వేస్తే మారేది ఒక్క స్వరం: ఎ కాస్తా ఎ ఫ్లాట్ అవుతుంది. తర్వాత మళ్ళీ సి మేజర్‌కి వస్తే ఆ ఎ ఫ్లాట్ అర్ధస్వరం దిగి జి మీద వాలుతుంది. ఆ చిన్న జారుడులోనే వినేవాళ్ళు చెప్పే 'గుండె జారడం' ఉంది. ఇక్కడ తప్పు జరిగే తీరు కూడా ఎప్పుడూ ఒకటే. కార్డ్ మారుస్తారు, గాయకుడి ట్యూన్‌ని మార్చడం మరిచిపోతారు. ఆ క్షణంలో గొంతు ఎ మీద ఉంటే ఎ ఫ్లాట్‌తో ఢీకొని అపస్వరం అవుతుంది. గొంతుని ఎఫ్ మీదో సి మీదో నిలిపితే చిక్కు లేదు, ఆ రెండూ ఈ రెండు కార్డుల్లోనూ ఉన్నాయి.

గ్రహభేదం, అంటే స్వరాలను అలాగే ఉంచి షడ్జాన్ని వేరే స్వరానికి మార్చడం, ఇంకా లోతైన ఆట. మోహనంలోని స్వరస్థానాలను ఒక్కటీ మార్చకుండా గాంధారాన్ని షడ్జంగా భావించి పాడితే హిందోళం పలుకుతుంది. రిషభాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి. స్వరాలు అవే, ఇల్లు మారింది. కానీ తంబూరా మాత్రం మోహనం నాటి షడ్జ పంచమాలనే మోగిస్తూ ఉంటుంది. హిందోళంలోకి వెళ్ళినప్పుడు తంబూరాలోని షడ్జం శుద్ధ ధైవతంగా, పంచమం సాధారణ గాంధారంగా వినపడాలి. శ్రుతి అంత గట్టిగా వెనక్కి లాగుతుంటే చెవి ఆ భ్రమను కొద్దిసేపే ఒప్పుకుంటుంది. విద్వాంసులు నాలుగైదు సంచారాలతో చూపించి తిరిగి వచ్చేయడానికి కారణం అదే. తిరిగి మోహనంలో అడుగుపెట్టిన క్షణమే అసలు బిట్ అని నా అభిప్రాయం. వెళ్ళడం దానికి సన్నాహం.

చివరి పల్లవికి శ్రుతిని అర్ధస్వరం పెంచడం అనే పాత చిట్కాని కూడా జనం ఇదే కోవలో వేస్తారు. నిజానికి అది బిట్ కాదు, ఎందుకంటే పాట తిరిగి రాదు. కొత్త ఎత్తే కొత్త నేల అవుతుంది, పది సెకన్లలో చెవి అలవాటు పడిపోతుంది. నిలబడేది ఆ మలుపు క్షణం ఒక్కటే. అందుకని మలుపునే బాగా కట్టాలి. సి నుంచి డి ఫ్లాట్‌కి పోవాలంటే చివరి బార్‌లో ఎ ఫ్లాట్ సెవెన్త్ కార్డ్ పెట్టాలి. సి స్వరం పాత సి మేజర్‌లోనూ ఈ కార్డ్‌లోనూ ఉంది, గాయకుడు దాన్ని పట్టుకుని ఉంటే దారం తెగదు. పెంచే ముందు గొంతు పరిధి చూసుకోవాలి: అర్ధస్వరం పెరిగితే ప్రతి స్వరం ఫ్రీక్వెన్సీ దాదాపు 1.06 రెట్లు అవుతుంది, 440 హెర్ట్జ్ దగ్గర పాడిన పై స్వరం 466కి చేరుతుంది. పాతదే అంచు మీద ఉంటే కొత్తది అరుపవుతుంది.

లయలో విరుపు

ముత్తుస్వామి దీక్షితర్ కృతుల్లో చరణం చివర తరచుగా వచ్చే మధ్యమకాల సాహిత్యం, ఈ విషయం మీద నాకు తెలిసిన అత్యుత్తమ పాఠం. చేతి మీద తాళం వేగం మారదు. కానీ ఒక్కో అక్షరకాలంలో పడే మాటలు రెట్టింపవుతాయి. అప్పటిదాకా సాగదీసిన విలంబ నడక పక్కన ఆ కొద్ది ఆవర్తనాలు పరుగులా తోస్తాయి, వెంటనే పల్లవి మళ్ళీ తన పాత నింపాదితనంతో వస్తుంది. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ చేసే పొరపాటు తాళాన్ని కూడా తొందరపెట్టడం. అప్పుడు మాటల వేగానికీ తాళం వేగానికీ మధ్య ఉన్న తేడా, అంటే అందం పుట్టే చోటే, కరిగిపోతుంది. మెట్రోనోమ్ పెట్టుకుని చరణం మొదటి నుంచి పాడి చూస్తే ఎక్కడ జారిపోతున్నారో తెలుస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో పోయేది డ్రమ్స్ మీద హాఫ్‌టైమ్. నాలుగు బీట్ల బార్‌లో రెండో, నాలుగో బీట్ల మీద పడే స్నేర్ డ్రమ్ దెబ్బని మూడో బీట్ మీద ఒక్కసారే కొడితే, వేగం ఏమాత్రం తగ్గకుండానే పాట సగానికి దిగినట్టుంటుంది. నాలుగు బార్లు అలా నడిపి మామూలు నడకకు వస్తే ఆ రాకకే ఊపు. గతి, అంటే ఒక్కో అక్షరాన్ని ఎన్ని మాత్రలుగా విడగొట్టాలన్నది, మార్చడం ఇంకో దారి: ఆదితాళంలో ఎనిమిది అక్షరాలకు చతురస్రంలో 32 మాత్రలు, తిస్రంలో 24. అక్షరం నిడివి అదే. ఒక్క ఆవర్తనం తిస్రంలో నడిపి తిరిగి రావచ్చు, కానీ మృదంగం, గొంతు, మిగతా పక్కవాద్యాలు ఒకే అక్షరం మీద మారకపోతే గజిబిజి.

ముక్తాయింపు (ఒక వరుసని మూడుసార్లు చెప్పి ముగించడం) లెక్క కూడా ఇదే కుటుంబంలోది. 'తదిగిణతోం' ఐదు మాత్రలు, మూడుసార్లు అంటే పదిహేను. ఆదితాళం చతురస్రంలో సగం ఆవర్తనానికి పదహారు మాత్రలు. కాబట్టి నాలుగు అక్షరాలు గడిచాక ఒక మాత్ర వదిలి మొదలుపెడితే మూడోసారి పూర్తి కాగానే సమం (ఆవర్తనం మొదలయ్యే చోటు) వచ్చి పడుతుంది. ఐదులు నాలుగుల మీదుగా జారుతున్నంతసేపు వినేవాడు తాళం తప్పినట్టు భావిస్తాడు. సమం మీద అన్నీ కలుసుకున్నప్పుడు అప్రయత్నంగా 'శభాష్' అంటాడు. ఒక్క మాత్ర ముందు ఎత్తుకున్నా సభలో అందరికీ తెలిసిపోతుంది.

ఇక పూర్తి నిశ్శబ్దం. అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువగా చెడగొట్టేదీ ఇదే. దాని సంగతి స్టూడియో దగ్గర చెబుతాను.

ఎంత పొడుగు, ఎక్కడ

నిమిషానికి 90 బీట్ల వేగంలో నాలుగు బీట్ల బార్ ఒకటి 2.67 సెకన్లు. నాలుగు బార్ల బిట్ దాదాపు 11 సెకన్లు, ఎనిమిది బార్లు 21. పదహారు దాటితే అది బిట్ కాదు, పాటలో ఒక భాగం. దానికి తనదైన ఆరోహణ, ముగింపు కావాలి. చోటు విషయానికి వస్తే, ఎక్కువ మంది పాటలో మూడింట రెండు వంతులు గడిచిన దగ్గర పెడతారు. పల్లవి రెండుసార్లు వచ్చేశాక చెవికి పాట నమూనా కంఠతా వచ్చి ఉంటుంది, అప్పుడే దాన్ని విరిచినా విరిగినట్టు తెలుస్తుంది. మొదటి ముప్పై సెకన్లలో పెట్టే బిట్‌కి విరవడానికి ఏమీ ఉండదు. అది పాటకి గుర్తు కాగలదు, ఆశ్చర్యం కాలేదు.

పొట్టిదనం ఎంత ముఖ్యమో న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1970ల తొలినాళ్ళ డీజేలు తలకిందులుగా నిరూపించారు. ఫంక్ రికార్డుల్లో వాయిద్యాలన్నీ ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే కొన్ని బార్లకు అక్కడ బ్రేక్ అని పేరు. డాన్సర్లు ఆ బ్రేక్ కోసమే ఎదురుచూస్తున్నారని గమనించిన డీజే కూల్ హెర్క్, ఒకే రికార్డు రెండు కాపీలను రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో మొదలుపెట్టి దాన్ని సాగదీశాడు. హిప్‌హాప్ అలా మొలకెత్తింది. 1969లో ది విన్‌స్టన్స్ బృందం రికార్డు చేసిన ఒక పాటలో డ్రమ్మర్ గ్రెగరీ కోల్మన్ వాయించిన నాలుగు బార్లు, ఏడు సెకన్ల పాటి ముక్క, ఆ తర్వాతి దశాబ్దాల్లో వేల పాటలకు పునాది అయింది. అయితే గమనించండి: పునాది అయ్యాక అది ఇక ఆ కొత్త పాటల్లో ప్రత్యేకంగా నిలబడే బిట్ కాదు. నిరంతరం తిరిగే లూప్ అది. ఆ పాటలకి మళ్ళీ వేరే విరుపు కావలసి వచ్చింది, తరచుగా అది ఆ లూప్‌నే ఒక బార్ ఆపడం.

తెలిసిన బిట్ మళ్ళీ ఎందుకు పని చేస్తుంది

ఆశ్చర్యమే కారణమైతే యాభయ్యోసారి విన్నప్పుడు ఏమీ అనిపించకూడదు కదా? దీనికి పరిశోధకులు ఇచ్చే వివరణ ఒకటి నమ్మదగ్గదిగా ఉంది. తర్వాత ఏం వస్తుందో ఊహించడంలో మెదడుకి రెండు దారులున్నాయి. ఒకటి ఈ పాట జ్ఞాపకం. రెండోది ఇన్నేళ్ళుగా విన్న అన్ని పాటల నుంచి ఏర్పడ్డ అలవాటు. మొదటిదానికి బిట్ తెలుసు. రెండోది మాత్రం ప్రతిసారీ మామూలు కార్డునే ఆశించి ప్రతిసారీ మోసపోతుంది.

పైగా తెలియడం వల్ల ఇంకో లాభం ఉంది. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, తమకిష్టమైన సంగీతం వింటూ గగుర్పాటు పొందేవాళ్ళ మెదళ్ళను స్కాన్ చేశారు. శిఖర క్షణంలో న్యూక్లియస్ అకంబెన్స్‌లో, దానికి ముందు ఎదురుచూసే సెకన్లలో కాడేట్ అనే వేరే భాగంలో డోపమైన్ (ప్రతిఫలం దొరికిన అనుభూతితో ముడిపడ్డ మెదడు రసాయనం) విడుదలైంది. అంటే ఎదురుచూపుకి దానిదైన ప్రతిఫలం ఉంది. అంతకు ముందు 1991లో మనస్తత్వవేత్త జాన్ స్లొబోడా, శ్రోతలు చెప్పిన చోట్లను స్వరలిపిలో వెతికి చూస్తే, ఒళ్ళు జలదరించే చోట్లలో ఊహించని కార్డ్ మార్పులు, కన్నీళ్ళు తెప్పించే చోట్లలో కార్డుతో విభేదించి పక్క స్వరం మీద వాలే స్వరాలు ఎక్కువగా కనిపించాయి. ఒళ్ళు జలదరించడం అందరికీ జరిగేది కాదు, కాబట్టి దాన్ని పాట నాణ్యతకి కొలతగా పెట్టుకోవద్దు.

స్టూడియోలో ఎలా చచ్చిపోతుంది

కాగితం మీద బాగున్న బిట్ మిక్స్‌లో తేలిపోవడానికి మొదటి నేరస్తుడు లిమిటర్, అంటే ధ్వని ఒక హద్దు దాటకుండా నొక్కిపెట్టే సాధనం. పాట అంతా పై హద్దుకి ఆనించి ఉంచితే బిట్ దగ్గర పెరగడానికి చోటు లేదు. ఫేడర్ 3 డెసిబెల్స్ పైకి తోసినా లిమిటర్ అంతా వెనక్కి నొక్కేస్తుంది, మిగిలేది నలిగిన డ్రమ్స్. పరిష్కారం వెనక నుంచి రావాలి: బిట్‌కి ముందున్న నాలుగు నుంచి ఎనిమిది బార్లలో మొత్తం స్థాయిని 1.5 నుంచి 2 డెసిబెల్స్ మెల్లగా దించండి. అంత నెమ్మదైన తగ్గుదల ఎవరికీ తెలియదు, తిరిగి అసలు స్థాయికి ఒక్కసారిగా రావడం మాత్రం అందరికీ తెలుస్తుంది. స్ట్రీమింగ్ సర్వీసుల్లో స్పాటిఫై సాధారణంగా పాటలను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) దగ్గరికి సర్దుతుంది కాబట్టి, మొత్తాన్ని గట్టిగా నొక్కి ఉంచినందువల్ల పెద్దగా దక్కేదేమీ లేదు. పోయేది ఈ ఎత్తుపల్లాలే.

బేస్ విషయంలో కూడా ఇదే సూత్రం. బిట్‌కి ముందు ఒకటి రెండు బార్లలో 150 నుంచి 200 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హైపాస్ ఫిల్టర్‌తో తీసేస్తే, బిట్ మొదటి బీట్‌లో కిక్, బేస్ తిరిగి రాగానే అవి ముందెన్నడూ లేనంత బరువుగా తోస్తాయి. ఇది ఇప్పుడు మరీ ఎక్కువ వాడుకలో ఉంది, దాంతో పాటు పైకి లేచే హోరు శబ్దం కూడా. ఆ హోరు వినగానే చెవి 'ఇప్పుడేదో వస్తోంది' అని సిద్ధమైపోతుంది. ఎదురుచూపు కావాలనుకున్నప్పుడు సరే, ఉలికిపాటు కావాలంటే దాన్ని తీసేయాలి.

ఇక నిశ్శబ్దం. 120 వేగంలో ఒక బీట్ ఖాళీ వదిలారనుకోండి, అది అర సెకను. గొంతు మీద 2 సెకన్ల రివెర్బ్ (గొంతు ఆగాక తోకలా మిగిలే గది మోత) ఉంది. రివెర్బ్ నిడివి అంటే ధ్వని 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సమయం, కాబట్టి అర సెకనులో అది పడేది 15 డెసిబెల్సే. ఖాళీ అనుకున్న చోటంతా తోకతో నిండి ఉంటుంది. గొంతు నుంచి రివెర్బ్‌కి వెళ్ళే సెండ్‌ని ఆపితే చాలదు, అప్పటికే బయలుదేరిన తోక మోగుతూనే ఉంటుంది. రివెర్బ్ తిరిగి వచ్చే ఛానెల్‌నే ఆ అర సెకను మ్యూట్ చేయాలి. క్లిక్ రాకుండా 5 నుంచి 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. డిలే (కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించే ప్రతిధ్వని) ఉంటే దానికీ ఇదే వైద్యం. ఆ ఖాళీలో గాయకుడు గాలి పీల్చిన చప్పుడు ఉంటే మాత్రం ఉంచేయండి. తాళం తెగలేదని, ఇప్పుడే వస్తున్నానని అది చెబుతుంది.

బిట్ నుంచి బయటికి రావడం మీద చూపే శ్రద్ధ ఎప్పుడూ తక్కువే. ఎనిమిది బార్లు అద్భుతంగా కట్టి, తర్వాతి పల్లవిని మొదటిసారి ఎలా ఉందో అలాగే అంటిస్తారు. పాట అక్కడ నీరుగారిపోతుంది. రెండు దారులున్నాయి. బిట్ నిండుగా ఉంటే పల్లవి మొదటి పాదాన్ని గొంతు, ఒక్క వాయిద్యంతో మొదలుపెట్టి రెండో పాదంలో అన్నిటినీ తేవాలి. బిట్ పలచగా ఉంటే పల్లవి పూర్తి బలంతో, వీలైతే ముందెప్పుడూ లేని ఒక పై గొంతు తోడుగా రావాలి. బిట్‌లోని వాయిద్యం ఒకటి పల్లవి మొదటి రెండు బార్లలోకి కారేలా వదిలితే అతుకు కనిపించదు.

అంతా అయ్యాక మోనోలో, అంటే ఎడమ కుడి కలిపి ఒకే ఛానెల్‌గా, వినండి. బిట్ ప్రత్యేకత ఎడమ కుడి వెడల్పులోనే ఉంటే, ఒకే స్పీకర్ ఉన్న ఫోన్‌లో అది మాయమవుతుంది. ఫేజ్ తిప్పి వెడల్పు చేసిన శబ్దాలైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు వినిపించకపోవచ్చు కూడా. అలాంటప్పుడు వెడల్పుకి తోడు ఇంకొకటి, స్థాయో నడకో స్వరమో, మార్చి మళ్ళీ అదే ఫోన్‌లో వినాలి.